ప్రాజెక్టు కుర్చీలు

ముందుగా గుర్తుపట్టింది శేషారత్నం వీపు. "కూచో వదినా, కూచో, నీ ఇల్లే అనుకో" అంటూ కోటేశ్వరరావు తన భోజనాల బల్ల దగ్గర చూపించిన కుర్చీలో ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. సత్తెనపల్లి నుంచి కారులో బిగదీసుకుని వచ్చిన నడుమును కాస్త సడలిద్దామని వెనక్కి ఆనిందో లేదో, రెక్కల ఎముకల కింద ఒక చెక్క వంపు వచ్చి తగిలింది. మామూలు కుర్చీలు తగిలే చోటుకు కాస్త కిందగా, ఎవరో అరచెయ్యి పెట్టి మెల్లగా ముందుకు తోసినట్టు. ఆ వంపు తనకు ఎరుకే. ఎక్కడి ఎరుక, ఎన్నాళ్ళ ఎరుక అని మనసు ఇంకా వెతుక్కుంటూనే ఉంది, వీపు మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా హాయిగా అందులో సర్దుకుంది. అప్పుడు గుండె గుభేలుమంది. చటుక్కున ముందుకు జరిగి నిటారుగా కూర్చుంది. ఏమీ లేదు, ఏమీ కాదు, ఎండన పడి వచ్చావు, పైగా ఈ గడప తొక్కాల్సి వచ్చిందని కడుపులో మంట, నీకు అన్నీ అట్లాగే అనిపిస్తాయి అని తనను తాను కసురుకుంది. చూస్తే కుర్చీ చాక్లెట్ రంగులో నిగనిగలాడుతోంది. కూర్చునేచోట ఎర్ర రెగ్జిన్ దిండు, అంచు వెంట ఇత్తడి మేకులు. తమ కుర్చీలకు ఈ సోకులెక్కడివి? తేనెరంగు టేకు, పేము అల్లిక, అంతే. రంగు కళ్ళను ఎంత బాగా మోసం చేస్తుందో అనుకుంది. వెంటనే, మోసమని ఎందుకు అనుకోవాలి, ప్రాజెక్టు కుర్చీలు లోకంలో మన ఇంట్లోనే ఉన్నాయా ఏమిటి అని సర్దుకుంది.

లేవు మరి. సాగర్ డ్యాం కట్టే రోజుల్లో విజయపురి సౌత్ కాలనీలో ఇంజినీర్ల మెస్సుకని అక్కడి వర్క్‌షాపు వడ్రంగులే చేశారట వాటిని, ఎవరో పెద్ద ఇంజినీరు ఫారిన్ పుస్తకంలో బొమ్మ చూపించి ఇట్లాంటివే కావాలంటే. చేతులుండవు. కాళ్ళు కిందికి పోనుపోను సన్నబడతాయి, వెనక కాళ్ళు రెండూ ఒకింత వెనక్కి వాలి ఉంటాయి, ఎక్కడా ఒక పువ్వు గానీ లత గానీ చెక్కి ఉండదు. డ్యాం అయిపోయి, ఇంజినీర్లు తట్టాబుట్టా సర్దుకుని పోయి, క్వార్టర్లు పాడుబడ్డాక సామాను వేలం వేస్తే మాచర్ల చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళకు చేరాయో లెక్కే లేదు. ప్రాజెక్టుకు రాయి తోలిన లారీలోనే మామగారు ఆరు కుర్చీలు వేసుకొచ్చి ఇంట్లో దించాడు. ఆమె కాపురానికి వచ్చేసరికే అవి పాతవి. అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెల్లో మిగిలింది కంచంలో వేసుకుని, ఒక్కతే కూర్చుని, ఆ వంపుకు వీపు ఆనించి తినేది. రోజు మొత్తంలో ఆమె కూర్చునేది అప్పుడే. విజయవాడలో ఇంటీరియర్ డిజైన్ చదివే అక్క కూతురు జాహ్నవి ఒకసారి వచ్చి, వాటిని తిప్పి తిప్పి ఫోన్లో ఫోటోలు తీసుకుని, "పిన్నీ, ఇవి మిడ్ సెంచరీ మోడరన్, వింటేజ్! వీటి మీద లుంగీలు ఆరేశారేంది మీరు?" అని నెత్తి కొట్టుకుంది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. "మిడ్డూ లేదు, సెంచరీ లేదు, ఇయ్యి ప్రాజెక్టు కుర్చీలమ్మాయ్" అన్నాడు చెన్నకేశవులు, ముందు కాళ్ళు గాల్లోకి లేపి కుర్చీని వెనక్కి వాల్చి ఊగుతూ.

ఊగటం ఆ మనిషి అలవాటు. భర్త కదా అని ఊరుకుందా, ఎన్నిసార్లు చెప్పింది, పడతావయ్యా, నడుం విరుగుతుందయ్యా అని. ఒకరోజు ఫెళ్ళున అతుకు ఊడి వెల్లకిలా పడనే పడ్డాడు. కింద పడి కూడా నవ్వాడు. వడ్రంగి వచ్చి వెనక కాలి మూలలో లోపలివైపు ముక్కోణంగా కోసిన వేపచెక్క ముక్క పెట్టి బిగించాడు. బిగించిన రెండు స్క్రూల్లో ఒకటి సగమే దిగింది. ఆ స్క్రూకు తన చీరలు ఎన్ని చిరిగాయో. ఇప్పుడు ఆమె ఎడమ చెయ్యి ఆమె చెప్పకుండానే ఒళ్ళోంచి జారి, రెగ్జిన్ అంచు దాటి, కుర్చీ కిందికి పోయింది. వద్దే, వద్దు, తియ్యి అనుకుంటూనే ఉంది. చెయ్యి పోయింది. మూల దగ్గర వేళ్ళు ఆగాయి. ముక్కోణం ముక్క ఉంది. పొడుచుకొచ్చిన స్క్రూ కూడా అట్లాగే ఉంది. దానికి రంగు కూడా వేసినట్టున్నారు, గరుకు పోయి నున్నగా తగిలింది.

"చెప్పొచ్చేది ఏందంటే" అని గొంతు సవరించుకున్నాడు బ్రహ్మాజీ. గురజాల పెద్దమనిషి, ఈ రాజీ కుదిర్చినవాడు, బల్ల మొదట్లో కూర్చుని కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. "మనం పల్నాటోళ్ళం. చాపకూడు తిన్నోళ్ళ బిడ్డలం. కోపమొస్తే కొట్టుకుంటాం, మనసు కుదిరితే ఒక బంతిన కూచుని తింటాం. ఏం కోటేశ్వరరావా?" కోటేశ్వరరావు తల ఊపాడు. బల్ల చుట్టూ ఐదు కుర్చీలు. ఒకదాంట్లో తను, పక్కనే కొడుకు హర్ష, ఆ పక్కన తనను కారులో తీసుకొచ్చిన అన్న వెంకటేశ్వర్లు. ఎదురుగా కోటేశ్వరరావు కొడుకు పవన్. బల్ల మొదట్లో బ్రహ్మాజీ. ఇంటి యజమాని మటుకు ఆ చివర తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. వచ్చినప్పుడు అది వినయమనుకుంది. ఇప్పుడు అర్థమైంది, వినయమూ కాదు, ఏమీ కాదు, ఇంట్లో ఉన్నవి ఐదే. ఐదెందుకున్నాయో ఈ గదిలో అందరికంటే తనకే బాగా తెలుసు.

ఆరోది సత్తెనపల్లి అద్దె ఇంట్లో గుమ్మం దగ్గర ఉంది. దాని మీద అత్త అలివేలమ్మ, పొద్దున వీళ్ళు బయల్దేరినప్పుడే బట్టల సంచీ కట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నేను రాను. కుర్చీల మీద తినేది రాజీ ఏందే? చాప పరిచి తినాల. మీరు తినొచ్చి నన్ను మా ఊరు తీసకపోండి, అంతే" అంది. ఓట్లు లెక్కపెట్టిన రోజున కూడా అదే కుర్చీ మీద కూర్చుంది. మధ్యాహ్నానికే ఊళ్ళో టపాకాయలు మొదలయ్యాయి, ఆ వెనకే రాళ్ళు. పక్కింటి ఇలియాస్ ట్రాలీ ఆటో దొడ్డి వాకిట్లో పెట్టి, ఎక్కండి వదినా, ఎక్కండి, సామాను సంగతి దేవుడెరుగు అని అరుస్తున్నాడు. ముసలామె మోకాళ్ళు వంగవు, ట్రాలీలో కింద కూర్చోలేదు. హర్ష లోపలికి పరుగెత్తి చేతికందిన కుర్చీ తెచ్చి ట్రాలీలో వేస్తే, దాని మీద ఆమెను ఎక్కించారు. ఇటో చేత్తో అటో చేత్తో కమ్మీలు పట్టుకుని, ఊరేగింపులో అమ్మవారిలా నిటారుగా, రాళ్ళేసేవాళ్ళ వంక ఒక్కొక్కరినీ పేరుపేరునా గుర్తుపెట్టుకునేట్టు చూస్తూ ఊరు దాటింది అలివేలమ్మ. మర్నాటికి ఇంట్లో ఏమీ మిగల్లేదని కబురు. గేదెలు, బోరు మోటారు, బీరువా, వాకిలి తలుపులు, చివరికి పిండి రోలు కూడా. ఎవరు ఏది పట్టుకుపోయారో ఎవరికి తెలుసు? పోలీసులు అడిగితే ఊరు ఊరంతా ఏమో అంది. ఏమో అన్న ఊళ్ళో, ఇదిగో, ఐదు కుర్చీలకు రంగేశారు.

కోటేశ్వరరావు పరాయివాడైతే ఇంత మంట ఉండేది కాదు. చెన్నకేశవులును అన్నా అన్నా అంటూ తిరిగినవాడు. ఇవే కుర్చీల్లో కూర్చుని, వదినా ఇంకో గారె వెయ్యి అని తిన్నవాడు. సర్పంచి పదవి దగ్గర ఇద్దరూ ఎడమొగం పెడమొగం అయ్యారు, పార్టీలు వేరయ్యాయి, ఆ తర్వాత పిల్లలు వేరయ్యారు. అసలు తెలిసే వేయించాడా ఇవి? నీ మొగుడి కుర్చీలో నిన్ను కూర్చోబెట్టి నా అన్నం తినిపిస్తాను, నోరెత్తు చూద్దాం అనా? ఓరగా చూసింది. కోటేశ్వరరావు జేబులోంచి రుమాలు తీసి నుదురు ఒత్తుకుంటున్నాడు, వంటింటి వైపు తిరిగి "ఏమే, నెయ్యి తేవే" అంటున్నాడు. ఆ ముఖంలో కుట్ర లేదు. వచ్చినప్పటి నుంచీ నిజంగానే మర్యాద చేస్తున్నాడు, చేతులు కడగటానికి తనే చెంబు పట్టుకుని నీళ్ళు పోశాడు. రాజీకి వచ్చినవాళ్ళకు ఇంట్లో ఉన్నవాటిలో మంచి పీటే వెయ్యాలి కదా, అందుకని, మంచి కుర్చీలు వెయ్యండిరా అని ఉంటాడు. ఇంట్లో మంచి కుర్చీలంటే ఇవే. రోజూ కూర్చుని కూర్చుని, ఎవరివో మరిచిపోయాడు. చాప పరిచి ఉంటే ఏ గొడవా ఉండకపోను. వచ్చినవాళ్ళకు చూపించుకునే గ్రానైట్ బల్ల మీద పెట్టాలని మోజుపడ్డాడు. మరిచిపోయాడు! ఆ మాట అనుకోగానే ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. కావాలని అవమానిస్తే, సరే, పగవాడు, అదొక లెక్క. మరిచిపోవటం ఏమిటి? మా బతుకంతా ఊళ్ళోంచి ఊడ్చి పారేసి మరిచిపోతారా?

అని ఇప్పుడు లేచి అడగొచ్చు. ఇంకా అన్నం మీద చెయ్యి పడలేదు కాబట్టి అడగొచ్చు. ఇక్కడి రాజీ భోజనానికి ఒక పద్ధతి ఉంది. తొలిముద్ద ఎక్కువ నష్టపోయిన ఇంటి ఆడమనిషిది. ఆమె తిన్నాకే మిగిలినవాళ్ళు తినాలి. ఆ ముద్ద గొంతు దిగిందా, ఇక పాత మాట ఎవరూ ఎత్తకూడదు, ఎత్తినవాడు పదిమందిలో తప్పుచేసినవాడు. తింటున్నంతసేపూ వచ్చినవాళ్ళు లేవందే ఇంటివాళ్ళు లేవరాదు. అంటే ఆమె నోరు తెరవాల్సింది ఈ కాసేపట్లోనే. తెరిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. రాజీ ఇక్కడే, ఈ బల్ల మీదే చస్తుంది. కేసులు అట్లాగే ఉంటాయి. ఇల్లు అట్లాగే తలుపుల్లేకుండా ఉంటుంది. పోయిన కార్తీకంలో హర్ష, ఒక్కసారి పొలం చూసొస్తానమ్మా అని బండేసుకుని వచ్చాడు. మిరప వేసే నేలలో కంపచెట్లు మొలిచాయని ఎవరో చెబితే ఆగలేకపోయాడు. పొలిమేర దగ్గరే ఆపారు. ఎడమ ముంజేతిలో రాడ్డు వేశారు డాక్టర్లు. ఆపినవాళ్ళలో ఎదురుగా కూర్చున్న ఈ పవన్ కూడా ఉన్నాడు. వీడూ వాడూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఈసారి చేత్తో పోదని వెంకటేశ్వర్లు కారులో వస్తూ దారి పొడుగునా చెప్పాడు. "చెల్లే, నోరు అదుపులో పెట్టుకో. నీకు కావాల్సింది హర్ష ఊళ్ళో తలెత్తుకుని తిరగటం. అది ఒక్కటే గుర్తుపెట్టుకో." ఊరి మీద బెంగతో చెన్నకేశవులు అద్దె ఇంటి మంచం మీదే పోయాడు. చివరి రోజున కూడా మిరప నారు ఎప్పుడు పోస్తారని అడిగాడు. మొగుడిని ఊరు చేర్చలేకపోయింది. కొడుకును చేర్చాలి. అందుకే కదా ఈ గడప తొక్కింది.

కొడుకు అనుకోగానే ఆమెకు కొత్త భయం పట్టుకుంది. ఇంతసేపూ తన గోలలో తను ఉండి అసలు సంగతి మరిచింది. వాడు! వాడికి తెలిస్తే? నాలుగో తరగతిలోనో ఐదో తరగతిలోనో హర్ష కొత్త జామెట్రీ బాక్సులో కంపాసు ముల్లుతో ఒక కుర్చీ కింది పట్టీ మీద 'హ' అని చెక్కాడు. ఇది నాది, ఇంకెవరూ కూర్చోకూడదని. చెన్నకేశవులు చెవి మెలిపెట్టాడు, అలివేలమ్మ, మొక్కలాంటి బిడ్డను కొడతావేందిరా అని కొడుకునే తిట్టింది. అప్పటినుంచి అన్నానికి కూర్చుంటే చాలు, కుడిచేత్తో తింటూ ఎడమ బొటనవేలితో ఆ అక్షరాన్ని రాస్తూ ఉండేవాడు. పెద్దయ్యాక కూడా పోలేదు ఆ అలవాటు. ఆ 'హ' ఉన్న కుర్చీ సత్తెనపల్లిలో లేదు, ఉంటే ఊడ్చేటప్పుడు తను చూసేది. తన కింద ఉన్నది మొగుడిది. అంటే మిగిలిన నాలుగింటిలో ఒకటి. వెంకటేశ్వర్లు కిందైతే పరవాలేదు, బ్రహ్మాజీ కింద ఉన్నా, పవన్ కింద ఉన్నా అడిగేవాళ్ళు లేరు. వీడి కింద మాత్రం ఉండకూడదు. స్వామీ, మాచర్ల చెన్నకేశవా, వీడి కింద ఉండకూడదు. వీడికి కోపం ముక్కు మీద ఉంటుంది. తెలిసిందంటే ఈ గ్రానైట్ బల్లను ఒక్క తాపు తంతాడు. పవన్ ఊరుకుంటాడా? వంటింటి వెనక దొడ్లో వాళ్ళ మనుషులు ఉన్నారు, మాటలు వినబడుతున్నాయి. ఇక్కడినుంచి కారు దాకా ఎంత దూరం? వాకిలి దాటాలి, అరుగు దాటాలి, ఆ సందు మొత్తం దాటాలి.

తినేయాలి. తొందరగా తినేయాలి. చిత్రం చూశారా, ఈ అన్నం ఎట్లా ముట్టనురా దేవుడా అని దారిపొడుగునా కుమిలిన మనిషి, ఇప్పుడు ఎప్పుడు వడ్డిస్తారా అని తహతహలాడుతోంది. గొంతులో ఒక్క ముద్ద దిగితే చాలు, వాడి నోటికి కూడా తాళం పడుతుంది. కోటేశ్వరరావు భార్య నరసమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని వచ్చింది. కంచంలో పప్పన్నం పొగలు కక్కుతోంది. ముక్కుకు ఇంగువ వాసన తగిలింది. శేషారత్నం చెయ్యి కంచం దాకా పోయింది. అంతలో బ్రహ్మాజీ ఫోను మోగింది. "ఒక్క నిమిషం, సీఐ గారు" అంటూ ఆయన లేచి వరండాలోకి నడిచాడు. వెంకటేశ్వర్లు ఆమె వంక చూసి కళ్ళతోనే ఆగమన్నాడు. పెద్దమనిషి బంతిలో లేకుండా తొలిముద్ద తినకూడదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫ్యాను ఒకటే టకటకమని కొట్టుకుంటోంది. మాట్లాడుకోవటానికి ఉన్నవన్నీ మాట్లాడకూడనివే.

పవన్ తన గ్లాసును అటు జరిపాడు, ఇటు జరిపాడు. వాడి కళ్ళు హర్ష ముంజేతి మీద కుట్ల గీత దగ్గర ఆగి, దిగువకు వాలాయి. హర్ష చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. ఆమె వాడి చేతుల్నే చూస్తోంది. కుడిచెయ్యి కడుక్కున్న తడితో కంచం పక్కన ఉంది. ఎడమచెయ్యి బల్ల మీద ఉంది. అట్లాగే ఉంచరా నాయనా, అక్కడే ఉంచు. వాడు ఫ్యాను వంక చూశాడు, గోడమీద దేవుడి పటం వంక చూశాడు, ఎడమచెయ్యి బల్ల దిగి తొడ మీదికి వచ్చింది. ఆమె తన గ్లాసు వాడి ముందుకు జరిపింది. "హర్షా, నీళ్ళు పొయ్యరా" అంది. వాడు రెండు చేతులా చెంబు ఎత్తి గ్లాసులో పోశాడు. చెంబు దించాడు. ఎడమచెయ్యి మళ్ళీ తొడ మీదికి పోయింది. వరండాలో బ్రహ్మాజీ, "అంతా సవ్యంగానే ఉందండీ, కూచున్నారండీ, తింటన్నారండీ" అంటున్నాడు. ఏం తినటం, నువ్వు రావయ్యా ముందు, నీ సీఐ మండిపోనూ. ఆమె మళ్ళీ తనకు తెలియకుండానే కిందికి చెయ్యి పోనిచ్చి ఆ స్క్రూను పట్టుకుంది. పట్టుకుంటే ధైర్యంగా ఉంది. అంతకు మించి ఈ ఇంట్లో తనదంటూ ఏముంది?

తలెత్తేసరికి ఎదురుగా నరసమ్మ. నెయ్యి గరిటె పట్టుకుని, శేషారత్నం చెయ్యి పోయిన చోటికే చూస్తోంది. ఆ చూపు కుర్చీ మీదికి, అక్కడినుంచి పక్క కుర్చీ మీదికి, మొగుడు కూర్చున్న ప్లాస్టిక్ దాని మీదికి పోయి, తిరిగి వచ్చింది. ముఖం పాలిపోయింది. ఆ, తెలిసిందా అమ్మా ఇప్పటికి. నువ్వు కూడా మా ఇంటికి వచ్చి దీని మీద కూర్చుని నా చేత తల దువ్వించుకున్నావు కదే, నీ పెద్దది కడుపులో ఉన్నప్పుడు. నరసమ్మ వంగి కంచంలో నెయ్యి పోసింది. ఒక గరిటె, ఇంకో గరిటె, పప్పు మునిగిపోయేదాకా పోసింది. "అక్కా" అంది, నోట్లో మాట నోట్లోనే. చాలని శేషారత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

అడగాలి. కాదు, అడిగి తీరాలి. నోరు మూసుకుని తింటే ఇది తిండా? రేపు ఊళ్ళోకి వచ్చాక, వీధిలో నడుస్తుంటే, ఈమె మొగుడి కుర్చీలో కూర్చుని ముద్ద మింగి వచ్చిందని వీళ్ళు అనుకోరు సరే, తనకు తను అనుకోదా? ఊళ్ళో ఇంకా ఎవరింట్లో తమ బీరువా ఉందో, ఎవరి దొడ్లో తమ గేదె దూడను ఈనిందో, ప్రతి గుమ్మం ముందూ ఇట్లాగే ఆగి పోల్చుకుంటూ బతకాలా? "కోటేశ్వరరావా" అంది. అన్నాక తెలిసింది తను అన్నట్టు. గది మొత్తం తనవైపు తిరిగింది. "ఏంది వదినా?" అన్నాడు అతను, ముందుకు వంగి, మర్యాదగా. నాలుక చివర ఉంది మాట. ఇవి ఎక్కడివయ్యా? అంతే, రెండు ముక్కలు. పవన్ కుర్చీ కిర్రుమంది.

"అమ్మా" అన్నాడు హర్ష.

తిరిగి చూసింది. కొడుకు ఎడమచెయ్యి కనబడలేదు. కుర్చీ కింద ఉంది. మోచెయ్యి దగ్గర కండ సన్నగా, ఆగకుండా కదులుతోంది, పైకీ కిందికీ, ఆమె ఇరవై ఏళ్ళు చూసిన కదలికే. ఇప్పుడు పోయిన చెయ్యి కాదది. మొదట కూర్చున్నప్పుడే పోయి ఉంటుంది, ఆమె తన కుర్చీని తడుముకుంటున్నప్పుడే, తన స్క్రూ తనకు దొరుకుతున్నప్పుడే. అంతా తెలిసే చెయ్యి తీసి బల్ల మీద పెట్టుకుని ఫ్యాను వంకా పటం వంకా చూస్తూ కూర్చున్నాడు. కోపం ముక్కు మీద ఉండే పిల్లవాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "ఏం లేదులే బాబాయ్" అన్నాడు కోటేశ్వరరావుతో. ఆ తర్వాత ఆమెతో, "నానమ్మ సంచీ కట్టుకుని కూచోనుంది. తినమ్మా" అన్నాడు.

బ్రహ్మాజీ ఫోను జేబులో వేసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "ఆ, కానియ్యమ్మా శేషారత్నం, నీ చేత్తో మంచి జరిపించు."

కలిపింది. నెయ్యిలో మునిగిన పప్పన్నం వేళ్ళ సందుల్లోంచి కారింది. ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఉప్పు సరిపోయిందో లేదో కూడా తెలియలేదు, గొంతు దగ్గర ఆగిన ముద్దను నీళ్ళు తాగి కిందికి దింపింది. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతట అవే వచ్చాయి, కారం అనుకున్నారో ఏమో నరసమ్మ తప్ప ఎవరూ చూడనట్టే ఉన్నారు. బ్రహ్మాజీ "శుభం" అన్నాడు. అందరి చేతులూ కంచాల్లోకి దిగాయి. నాటుకోడి వచ్చింది, గారెలు వచ్చాయి, గోంగూర వచ్చింది. వెంకటేశ్వర్లు మిరప రేటు గురించి ఏదో అడిగాడు, కోటేశ్వరరావు ఉత్సాహంగా చెప్పాడు. పవన్ ఒక గారె తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, బల్ల మీదుగా చెయ్యి చాపి హర్ష కంచంలో వేశాడు. హర్ష వద్దనలేదు. తుంచుకుని తిన్నాడు. అయిపోయింది, ఇక అంతా అయిపోయింది అనుకుంది శేషారత్నం. ఊరొచ్చింది, ఇల్లొచ్చింది, నీ కొడుకు రేపు పొలంలో కంప కొట్టుకుంటాడు. ఇంతే చాలు. ఇంత చాలనుకోవే మనసా. పాత మాట ఎత్తకూడదు. ఎత్తను. ఎత్తనే ఎత్తను.

మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి కోటేశ్వరరావు ముఖం విప్పారింది. పెద్ద బరువు దిగినవాడిలా ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, "వదినా, ఇంకేం కావాలో మొగమాటం లేకుండా అడుగు" అన్నాడు.

"నాకేం కావాలయ్యా, కడుపు నిండింది" అంది శేషారత్నం. అక్కడితో ఆగుదామనే అనుకుంది. "మమ్మల్నందరినీ కుర్చీల్లో కూచోబెట్టి నువ్వు ఆ ప్లాస్టిక్ దాంట్లో కూచున్నావు, అదే నాకు చానా కష్టంగా ఉంది. వీటి జతలో ఆరోది మా అత్త దగ్గరుంది. ఊళ్ళోకి రాగానే పంపిస్తాలే. ఇంటాయన దర్జాగా కూచోవాల గదా."

"చూశావా! ఇదీ మన పల్నాటి ఆడబిడ్డంటే!" అన్నాడు బ్రహ్మాజీ ఆనందంగా. "ఇంకా ఇల్లు తెరవనే లేదు, అప్పుడే పెట్టుపోతలు!"

నరసమ్మ చేతిలో మజ్జిగ చెంబు ఆగిపోయింది. ఆరోదేంది అన్నట్టు పవన్ తండ్రి వంక చూసి, తన కుర్చీ వంక చూసుకుని, ఒక్కసారిగా ముందుకు జరిగి అంచు మీద కూర్చున్నాడు. కోటేశ్వరరావు కళ్ళు ఆమె కుర్చీ వీపు మీద పడ్డాయి, అక్కడినుంచి కాళ్ళ మీదికి దిగాయి. చూస్తూ ఉండగానే అతని మొహంలో రంగు మారింది. ఇప్పుడు గుర్తొచ్చింది. నాటి గారెలు, అన్నా అన్న పిలుపు, ఊగుతూ నవ్విన మనిషి, అన్నీ గుర్తొచ్చి ఉంటాయి. కలిపిన మజ్జిగన్నంలో చెయ్యి అట్లాగే ఉండిపోయింది. లేవబోయాడు. సగం లేచి, బ్రహ్మాజీ వంక చూసి, మళ్ళీ కూలబడ్డాడు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు వంగి కీచుమన్నాయి. వచ్చినవాళ్ళు లేవందే ఇంటివాళ్ళు లేవరాదు.

శేషారత్నం వెనక్కి ఆనుకుంది. రెక్కల కింద ఆ వంపు వచ్చి తగిలింది. ఈసారి ముందుకు జరగలేదు.

"నరసమ్మా, ఇంకాస్త మజ్జిగ పొయ్యి" అంది. "నిదానంగానే తింటాలే."